కాసాలుంగాలో చేత్తో రాసిన తేదీ

బొర్గోసెర్రా,
2019 అక్టోబరు 14.

రోవానా లోయ రైల్వే, ప్రయాణికుల ఉత్తరాల విభాగంలోని డాక్టరు గారికి,

నమస్కారాలు. మీ పేరు నాకు తెలియదు. ఆఫీసులో కుర్చీ ఉన్న ప్రతివాడినీ "డాక్టరు గారూ" అంటే పని త్వరగా అవుతుందని మా అమ్మ చెప్పేది. కాబట్టి మీరు డాక్టరు గారు.

నా పేరు జెలిందా మలగోలి. అరవై ఏడేళ్ళు. ముప్పై ఎనిమిదేళ్ళు ఈ ఊరి మునిసిపాలిటీలో జనన మరణాల రిజిస్టరు రాశాను. అందులో నా చేతి కొట్టివేత ఒక్కటి చూపిస్తే పింఛను వదిలేసుకుంటాను. కాగితం దగ్గర తప్పు చేసే మనిషిని కానని మీకు ముందే తెలియాలని చెబుతున్నాను. తప్పు చేసే మనిషి మా అక్క ఇరీదే.

మొన్న శనివారం మేమిద్దరం లాగోకియారో సరస్సు చూసి సాయంత్రానికి వచ్చేద్దామని బయలుదేరాం. రానూపోనూ ప్యాసింజరు టికెట్లు, పోవడానికొకటి, రావడానికొకటి. పదీ యాభైకి మా స్టేషనులోని ముద్ర పెట్టెలో నా టికెట్టుకు తేదీ ముద్ర కొట్టుకున్నాను. మా అక్క కొట్టదు. టికెట్టు చేతిలో పట్టుకుని కూర్చుంటుంది. "టీసీ రాకపోతే ఇదే వచ్చే శనివారానికీ పనికొస్తుందే" అంటుంది. డెబ్బై ఏళ్ళ మనిషి అనాల్సిన మాటేనా అది? ఆ రోజు కాసాలుంగా దాకా టీసీ రానే లేదు. ముద్ర పడ్డాక నాలుగు గంటల్లో దారిలో దిగి మళ్ళీ ఎక్కవచ్చు కదా అని కాసాలుంగాలో దిగి గుమ్మడికాయ ముద్ద కూరిన తోర్తెల్లి పాస్తా తిన్నాం.

తిరిగి ప్లాట్‌ఫారం మీదికి వచ్చాక, ఇక్కడినుంచి టీసీ తప్పకుండా ఎక్కుతాడని మా అక్కకు గుర్తొచ్చింది. ముద్ర పెట్టె దగ్గరికి పరుగెత్తింది. అది చెడిపోయి ఉంది. చెడిపోతే తేదీ, టైము, స్టేషను పేరు మనమే పెన్నుతో రాసుకోవాలి, చిన్నపిల్లలకైనా తెలుసు. కాని మా అక్కకు ఏ రోజూ తేదీ తెలియదు. బెంచీ మీద టోపీ పెట్టుకుని ఒక పెద్దాయన కూర్చుని ఉంటే ఆయన్ని అడిగింది.

"పన్నెండు, అక్టోబరు, డెబ్బై నాలుగు" అన్నాడాయన.

ఈ మహాతల్లి అలాగే రాసేసింది.

"ఏం రాశావక్కా?"

"ఆయన చెప్పిందే రాశాను. నీకెప్పుడూ వంకలే."

ఇంతలో ఒకటీ ఇరవై రెండుకు గోధుమరంగు బండి ఒకటి వచ్చింది. టైంటేబిల్లో ఒకటీ నలభైకి గాని బండి లేదు. మీసాల టీసీ ఒకాయన మా అక్క టికెట్టు చూసి, తలూపి, ఎక్కించుకున్నాడు. నాది చూశాడు. మిషను ముద్ర, ఒక్క అక్షరం చెదరలేదు. "ఇది ఈ బండికి చెల్లదమ్మా" అని తలుపు వేసేశాడు. మా అక్క కిటికీలోంచి చెయ్యి ఊపింది. ఆమె ఇంకా ఇంటికి రాలేదు. పోలీసులను అడిగితే, "పెద్దావిడ కదా, ఏ చుట్టాలింటికో వెళ్ళి ఉంటుంది" అన్నారు. మాకున్న చుట్టం నేనొక్కదాన్నే.

ముందు ఆ పెట్టె బాగు చేయించండి. సరైన టికెట్టును తోసేసి తప్పుడు టికెట్టును ఎక్కించుకున్న ఆ టీసీని గట్టిగా మందలించండి. మా అక్క ఎక్కడ దిగిందో కనుక్కుని నాకు చెప్పండి.

ఇట్లు,
జెలిందా మలగోలి

తా.క. మీ వాళ్ళకు మా అక్క కనబడి ఆకలేస్తోందంటే నమ్మకండి. రెండు పళ్ళేలు తిని ఎక్కింది.

—

రోవానా లోయ రైల్వే,
ప్రయాణికుల ఉత్తరాల విభాగం,
2019 అక్టోబరు 22.

మాన్యురాలైన మలగోలి గారికి,

మీ ఉత్తరం అందింది. మొదట ఒక సవరణ. నేను డాక్టరును కాను. లెక్కల డిప్లొమా చదివినవాణ్ణి. పేరు ఎవరిస్తో కవాజ్జా.

మీరు అడిగినవాటికి జవాబులు. కాసాలుంగా పెట్టె మరమ్మతుకు 4417 నంబరు ఉత్తర్వు జారీ అయింది. మా సంస్థలో ఉత్తర్వుకు నంబరు పడడానికి చాలా కాలం పడుతుంది, పడిన తర్వాత దాన్ని ఎవరూ ఆపలేరు. మీరు అదృష్టవంతులు. మీది మూడు రోజుల్లో పడింది.

ఒకటీ ఇరవై రెండు బండి విషయం. అలాంటి బండి లేదు. 1981 దాకా ఉండేది. ఆ గోధుమరంగు రైలు పెట్టెలను అదే ఏడాది పాత ఇనుముకు అమ్మేశాం. మా టీసీల ఫొటోలన్నీ తెప్పించి చూశాను. ప్రస్తుతం మీసాలున్న టీసీ ఒక్కరు కూడా లేరు. మందలించడానికి మనిషి లేనందువల్ల ఆ భాగం ముగిసినట్టుగా భావిస్తున్నాం.

మీ అక్కగారి గురించి మీరు కంగారు పడనక్కరలేదు. ప్యాసింజరు టికెట్టు ఏదో ఒక్క బండికి కట్టుబడి ఉండదు. ఆ దారిలో వెళ్ళే ఏ బండైనా ఎక్కవచ్చు, మధ్యలో ఎక్కడైనా దిగవచ్చు. తిరుగు టికెట్టు మీద తేదీ పడనంతవరకు అరవై రోజులు చెల్లుతుంది. నిబంధనల ప్రకారం మీ అక్కగారు తప్పిపోలేదు. ప్రయాణంలో ఉన్నారు.

భవదీయుడు,
ఎవరిస్తో కవాజ్జా

తా.క. మీ అక్కగారు తిరుగు టికెట్టు వాడదలచుకోకపోతే నింపవలసిన ఫారం జతచేశాను. ఆమె సంతకం ఆమే పెట్టాలి.

—

బొర్గోసెర్రా,
2019 అక్టోబరు 29.

డాక్టరు కానని చెప్పుకున్న కవాజ్జా గారికి,

ఫారం అందింది. పొయ్యి అంటించడానికి పనికొచ్చింది.

నిన్న మా అక్క దగ్గరినుంచి పోస్టుకార్డు వచ్చింది. దాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను. మీరు కూర్చుని చదవండి.

"జెలిందా, బండి పియోప్పాలో ఆగింది. మన గేటు ఇల్లు ఉంది. అమ్మ గేటు దించుతోంది. నన్ను చూసి, 'అక్కడ నిలబడ్డావేం పెద్దమ్మా, లోపలికి రా' అంది. అద్దెకు గది కావాలన్నాను, వెనక గది ఇచ్చింది. చిక్కుడు గింజలు ఒలవమని ముందర పోసింది. అమ్మకు నలభై ఏడు, నాకు డెబ్బై. ఎలా పిలవాలో తెలియక ఏమీ పిలవడం లేదు. ఇరవై రెండేళ్ళ నువ్వూ ఇక్కడే ఉన్నావు. గంటలో మూడుసార్లు కాళ్ళు తుడుచుకోమన్నావు. నేనొక్కదాన్నే లేను. ఇరవై నాలుగో తేదీ అయ్యాక వస్తాను. కుండీలకు నీళ్ళు పొయ్యి. ఇరీదే."

మీకు అర్థం కావాలంటే ఒక సంగతి చెప్పాలి. మా అమ్మ పియోప్పాలో లెవెల్ క్రాసింగు గేటు వేసే మనిషి. 1974 నవంబరు 24న, ఆదివారం, చనిపోయింది. ఆ ఏడు మా అక్క స్విట్జర్లాండులో గడియారాల ఫ్యాక్టరీలో పనిచేసేది. టెలిగ్రాం అందేసరికి ఆలస్యమైంది. ఆమె వచ్చేసరికి పూడ్చిపెట్టడం కూడా అయిపోయింది. ఆ తర్వాత నలభై ఐదేళ్ళు మేమిద్దరం ఒకే ఇంట్లో ఉన్నాం. ఆ విషయం ఆమె ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తకుండా ఉండడానికే రోజంతా ఏదో ఒకటి వాగుతూ ఉంటుందని నాకు తెలుసు.

నేను కేలండరు తీసి చూశాను. అప్పటి తేదీలూ వారాలూ ఈ ఏడాదివీ అచ్చంగా ఒకటే. అక్కడ శనివారమైతే ఇక్కడా శనివారమే.

కాబట్టి ఆ పెట్టె బాగుచేయకండి. బాగుచేయమని రాసింది నేనే, ఇప్పుడు వద్దంటున్నదీ నేనే. ఆమె వెళ్ళింది చేత్తో రాసిన తేదీ వల్ల. తిరుగు టికెట్టు ఆమె సంచిలో ఖాళీగా ఉంది. దాని మీద ఈ ఏడాది తేదీ రాసుకుంటే ఇంటికి వస్తుంది. ఆమె వచ్చేదాకా ఆ లైనులో ఏదీ కదపకండి. నాకు ఆమె తప్ప ఎవరూ లేరు, ఈ మాట ఆమెతో అనవద్దు.

ఇట్లు,
జెలిందా మలగోలి

తా.క. మా పోస్టుమాను లేఆర్కో కార్డు ఇస్తూ వేళ్ళు చూపించాడు. "నిన్ననే రాసినట్టుందమ్మా, సిరా ఇంకా అంటుతోంది. తపాలా బిళ్ళ మాత్రం మా తాత ఆల్బంలో ఉండాల్సింది" అన్నాడు.

—

ప్రయాణికుల ఉత్తరాల విభాగం,
2019 నవంబరు 5.

మాన్యురాలైన మలగోలి గారికి,

మీ అక్కగారి ఆచూకీ దొరికినందుకు సంతోషం. ఆమె మీ తల్లిగారి దగ్గర ఉండి సేవ చేస్తున్నారని తెలిసి మా విభాగమంతా ఆనందించింది. మీరిచ్చిన వివరాల ప్రకారం లెక్క వేస్తే మీ తల్లిగారికి ఇప్పుడు తొంభై రెండేళ్ళు. తొంభై దాటినవారికి మా రైల్వే ఒక రాయితీ కార్డు ఇస్తుంది. దరఖాస్తు జతచేశాను. ఇటీవలి ఫొటో కావాలి.

4417 ఉత్తర్వును వెనక్కి తీసుకోవడం కుదరదు. వాయిదా మాత్రం వేయవచ్చు. అందుకు నిబంధనల్లో మూడే కారణాలున్నాయి. మంచు, సమ్మె, లేదా పెట్టెలో పక్షి గూడు. "మా అక్క ఇంకా రాలేదు" అనే కారణం జాబితాలో లేదు. మూడుసార్లు చూశాను.

భవదీయుడు,
ఎవరిస్తో కవాజ్జా

తా.క. పియోప్పా స్టేషను 1981లో మూసేశాం. గేటు ఇల్లు ఆ మరుసటి ఏడాది పడగొట్టాం. మీ తల్లిగారు ఇంకా అక్కడే ఉంటున్న పక్షంలో రైల్వే స్థలంలో అనుమతి లేకుండా నివసిస్తున్నట్టు అవుతుంది. దయచేసి ఆమెకు మెల్లగా చెప్పండి.

—

బొర్గోసెర్రా,
2019 నవంబరు 8.

కవాజ్జా గారికి,

మా అమ్మ చనిపోయిందని రాశాను. సంవత్సరం కూడా రాశాను. మీరు చదివేటప్పుడు అద్దాలు పెట్టుకోండి.

కోపం తర్వాత పడతాను. ఇంకెవరికీ చెప్పలేని సంగతి ఒకటి ఉంది, మీకు చెబుతున్నాను.

నిన్న గిన్నెలు కడుగుతుంటే నాకొకటి గుర్తొచ్చింది. పియోప్పా వంటింట్లో, కిటికీ పక్కన, ఒక ముసలావిడ కూర్చుని చిక్కుడు గింజలు ఒలుస్తోంది. మొన్నటిదాకా నాకు అలాంటి జ్ఞాపకం లేదు. మా ఇంట్లో ఎవరూ అద్దెకు ఉండలేదు. ఉండి ఉంటే నాకు తెలియదా? ఇవాళ పొద్దున ఇంకోటి వచ్చింది. నేను ఆవిడ బూట్లు తీసుకుని గుమ్మం బయట పెట్టాను. ఆవిడ నవ్వింది. అమ్మ నన్ను, "పెద్దవాళ్ళతో అలా ఉండకే" అని తిట్టింది.

ఇవి రోజుకొకటి వస్తున్నాయి. నిన్న లేనివి ఇవాళ నలభై ఐదేళ్ళ పాతవై వస్తున్నాయి. ముఖం మాత్రం కనబడడం లేదు. రిజిస్టరులో ఎవరో పాత తేదీ వేసి కొత్త పేర్లు ఎక్కిస్తున్నట్టుగా ఉంది. ఆ రిజిస్టరు నేనే. రేపు ఏం గుర్తొస్తుందోనని భయంగా ఉంది.

ఇట్లు,
జెలిందా

తా.క. మా వీధి చివర మంగలి షాపు సందులో నుంచి ఇవాళ గోధుమరంగు బండి కూత వినిపించింది. ఆ సందులో పట్టాలు లేవు. మీ రైల్వేవి ఏమైనా కొత్త ప్లాన్లు ఉంటే ముందుగా తెలియజేయగలరు.

—

ప్రయాణికుల ఉత్తరాల విభాగం,
2019 నవంబరు 14.

మాన్యురాలైన మలగోలి గారికి,

మీ ఉత్తరం మళ్ళీ చదివాను, అద్దాలు పెట్టుకుని. 1974లో స్వర్గస్థులైన మీ తల్లిగారి దగ్గరికి మీ అక్కగారు వెళ్ళారని మీరు చెబుతున్నట్టు ఇప్పుడు గ్రహించాం. మా విభాగం తరఫున ప్రగాఢ సానుభూతి. మీ అక్కగారు మంచి మనిషి అని మీ ఉత్తరాల వల్లే తెలుస్తోంది. ఆమె మరణ ధ్రువపత్రం నకలు ఒకటి పంపితే ఫైలు మూసేస్తాం.

భవదీయుడు,
ఎవరిస్తో కవాజ్జా

తా.క. పై భాగం మా పైఅధికారి చూసి సంతకం పెట్టమన్నది. ఇకనుంచి రాసేది ఆయన చూడలేదు.

శనివారం సెలవు పెట్టి, సొంత టికెట్టు మీద కాసాలుంగా వెళ్ళాను. పెట్టె చెడిపోయే ఉంది. బెంచీ మీద టోపీ పెట్టుకుని ఒక పెద్దాయన ఉన్నాడు. నేను ఆయన్ని ఏమీ అడగలేదండీ. ఆయనే నా వైపు తిరిగి, "తేదీ కావాలా బాబూ" అన్నాడు. వద్దన్నాను. "ఎవరి దగ్గరికీ వెళ్ళే పని లేదా" అన్నాడు. నేను ఇరవై ఆరేళ్ళుగా ఈ విభాగంలో ఉన్నాను, ఎవరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. ఒకటీ నలభై బండి ఎక్కి వచ్చేశాను.

పెట్టెలో పిచ్చుక గూడు ఉన్నట్టు నివేదిక రాశాను. నవంబరులో పిచ్చుక గూడు పెట్టదని పైఅధికారి అన్నారు. ఈ పిచ్చుకకు ఆలస్యమైందని రాశాను. మరమ్మతు డిసెంబరు 9, సోమవారానికి వాయిదా పడింది. అంతకు మించి నా వల్ల కాదు.

—

బొర్గోసెర్రా,
2019 డిసెంబరు 1.

ప్రియమైన కవాజ్జా గారికి,

మా అక్క చావలేదు. ధ్రువపత్రం రాయడంలో ఈ జిల్లాలో నన్ను మించినవాళ్ళు లేరు, అయినా రాయను.

మీ పిచ్చుకకు మాత్రం రుణపడి ఉంటాను.

ఇరవై నాలుగో తేదీ వచ్చింది, వెళ్ళింది. ఆ రోజు నేను పొద్దున్నే స్టవ్ దగ్గర నిలబడి ఉండగా అంతా ఒక్కసారే గుర్తొచ్చింది. కాఫీ పొంగిపోతున్నా చూస్తూ నిలబడ్డాను. అమ్మ మంచం. ఒక పక్క నేను. రెండో పక్క ఆ ముసలావిడ, అమ్మ చెయ్యి పట్టుకుని. అమ్మ కళ్ళు మూసుకునే అడిగింది.

"ఇరీదే వచ్చిందా?"

నేను నోరు తెరిచేలోపే ఆ ముసలావిడ చెప్పింది. "వచ్చానమ్మా. ఇక్కడే ఉన్నాను."

అమ్మ ఆమె చెయ్యి తడిమి, "చేతులు ఇంత గరుకయ్యాయేమే, ఆ ఫ్యాక్టరీలో ఏం చేయిస్తున్నారు నీతో" అంది. అదే ఆఖరి మాట.

అమ్మను ఊరడించడానికి ఆవిడ అబద్ధం చెప్పిందనుకున్నాను అప్పుడు. కోపమొచ్చింది. మా అక్క స్థానంలో ఎవరో కూర్చున్నారని. కవాజ్జా గారూ, ఇన్నేళ్ళూ అమ్మ ఇరీదేను అడుగుతూ, జవాబు లేకుండా పోయిందనే నేను గుర్తుపెట్టుకున్నాను. ఆ సంగతి మా అక్కకు చెప్పకుండా దాచాను. ఇప్పుడు ఆ జ్ఞాపకం ఎంత వెతికినా దొరకడం లేదు. దాని చోట ఇది ఉంది. స్టవ్ దగ్గరే కూర్చుని ఏడ్చాను, అరవై ఏడేళ్ళ దాన్ని.

నిన్న, శనివారం, బయలుదేరుతున్నానని ఆమె ముందే కార్డు రాసింది. "పియోప్పా నుంచి మూడూ నలభై ఎనిమిది బండి. నువ్వు స్టేషనుదాకా దిగబెడతానంటున్నావు, అప్పటి నువ్వు. సంచి కూడా నువ్వే మోస్తావట. ఒంటరిగా ఉంది పిల్ల, చూడలేకపోతున్నాను" అని. నేను కాసాలుంగా ప్లాట్‌ఫారం మీద పొద్దున పదినుంచి సాయంత్రం ఆరుదాకా నిలబడ్డాను. వచ్చిన ప్రతి బండీ చూశాను. ఆమె రాలేదు.

పియోప్పా స్టేషనుకు ఆమెను నడిపించుకు వెళ్ళినట్టు నాకు ఇప్పుడు గుర్తుంది. నా చేతిలో సంచి, నేల మీద పోప్లరు చెట్ల ఆకులు, ఆవిడ నెమ్మదిగా నడుస్తుంటే నాకు విసుగు. స్టేషను గంట వినబడుతోంది. ఆ తర్వాత ఏమీ లేదు. నేను అక్కడ ఏం చేశాను? ఆమె ఎందుకు రాలేదు? ఖాళీ టికెట్టు మీద ఈ ఏడాది తేదీ ఒక్కటి రాసుకుంటే చాలు కదా, అంత చిన్న పని. మీ పాత పుస్తకాల్లో టీసీ ఏమైనా రాసి ఉంటాడు. దయచేసి వెతకండి. మీకు దణ్ణం పెడతాను.

మీ,
జెలిందా

తా.క. కుండీలకు రోజూ నీళ్ళు పోస్తున్నాను. పూలు పూస్తున్నాయి. డిసెంబరులో పూసే మొక్కలు కావవి.

—

కవాజ్జా ఇల్లు, ఆఫీసు కాదు,
2019 డిసెంబరు 5.

జెలిందా గారికి,

ఈ ఉత్తరానికి నంబరు లేదు. దీని నకలు ఎక్కడా ఉంచడం లేదు.

మీరు అడిగిన పుస్తకం ఆఫీసు కింద గదిలో దొరికింది. 1974 నవంబరు 30, మూడూ నలభై ఎనిమిది బండి. లోయ లైను టీసీలకు పని తక్కువ, అందుకని పుస్తకంలో ఎక్కువ రాసేవాళ్ళు. ఆయన రాసింది రాసినట్టు ఇస్తున్నాను.

"పియోప్పాలో ఒక పెద్దావిడ ఎక్కింది. తిరుగు టికెట్టు. అచ్చు మన టికెట్టులా లేదు, కాగితం వింతగా ఉంది. కాని పియోప్పాలో ఆఫీసు లేనందున చేత్తో రాసిన తేదీ సరిగ్గా ఈ రోజుదే, టైమూ స్టేషనూ కూడా సరిగ్గా ఉన్నాయి, కొట్టివేతలు లేవు. అభ్యంతరం చెప్పడానికి ఏమీ లేదు. ప్లాట్‌ఫారం మీది అమ్మాయికి ఆమె చాలాసేపు చెయ్యి ఊపింది. తర్వాత కూర్చుని ఏడ్చింది. ఏమైందమ్మా అన్నాను. 'నేను రాసుకుంటానంటే వినలేదండీ. నాకెప్పుడూ తేదీలు తెలియవంటూ పెన్ను లాక్కుని రాసేసింది, మా చెల్లెలు' అంది. ఆ పిల్ల ఈమెకు చెల్లెలు ఎలా అవుతుందో నాకు అర్థం కాలేదు. తప్పు రాసిందా, ఆపాల్సింది కదా అన్నాను. 'తప్పేం రాయలేదు. అమ్మ పోయిన ఆరు రోజులకు దానికి సరిగ్గా చేయడానికి ఈ ఒక్క పని దొరికింది. ఎలా ఆపను?' అంది. బొర్గోసెర్రాలో దిగింది."

టికెట్టు ఆ పేజీకి గుచ్చి ఉంది. చదవకముందే ఆ చేతిరాతను పోల్చుకున్నాను. మీ ఉత్తరాలు నాలుగూ నా బల్ల మీదే ఉన్నాయి. 30-11-1974, 15.48, పియోప్పా. ఎంత శ్రద్ధగా రాశారో. అందుకే ఆమె దిగింది ఆ ఏడాది బొర్గోసెర్రాలోనే.

చెప్పకుండా ఉంటే బాగుండునని రెండు రోజులు ఆలోచించాను. కాని మీరు కాగితం దగ్గర అబద్ధం ఒప్పుకునే మనిషి కారు.

మీ,
ఎవరిస్తో

తా.క. పెట్టె సోమవారం పొద్దున తొమ్మిదికి బాగుపడుతుంది. ఎల్లుండి శనివారం ఇంకా చెడిపోయే ఉంటుంది. ప్యాసింజరు టికెట్టు ఏ ఒక్క బండికీ కట్టుబడి ఉండదని నేనే మీకు రాశాను. బెంచీ మీది పెద్దాయన ఏ తేదీ చెప్పినా, మీరు నవంబరు ముప్పై, డెబ్బై నాలుగు అనే రాయండి. మూడూ నలభై ఎనిమిదికి ముందే పియోప్పా చేరండి. అక్కడ ఒక అమ్మాయి పెన్ను తీసి పట్టుకుని ఉంటుంది. ఆమె చెయ్యి గట్టిగా పట్టుకోండి. ఆమె మాట వినే రకం కాదు.